కళాశాల గడపలో కొన్ని అపోహలు

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడి, ఇరుగుపొరుగు వారికి మిఠాయి పంచిన తరువాత మన యిండ్లలో ఒక క్రొత్త సందడి ఆరంభమగును. కుఱ్ఱవాడో, అమ్మాయియో కళాశాలకు బయలుదేరవలెను. వెనుకటి రేకుపెట్టెకు బదులు ఇప్పుడు చక్రముల పెట్టె వచ్చినది గాని, అందులో సర్దునవి ఇంచుమించు అవియే. దుప్పటి, పళ్ళెము, గ్లాసు, రెండు మూడు జతల బట్టలు, సర్టిఫికెట్ల సంచి, మూతకు గుడ్డ కట్టిన ఆవకాయ సీసా. వీనితోపాటు ఎవరును సర్దకుండగనే ఆ పెట్టెలోనికి చేరునవి మరికొన్ని కలవు. అవి కళాశాలను గూర్చిన అపోహలు.

"ఇంటరుతో నీ కష్టం తీరిపోయింది, ఇక హాయిగా ఉండు" అని బాబాయి చెప్పును. "ఇంగ్లీషు రాకపోతే అక్కడ నెగ్గుకు రాలేవు" అని ప్రక్కింటివారు భయపెట్టుదురు. "పైతరగతి వాళ్ళు నాలుగు మాటలంటే పడి ఉండాలి, ఆ తరువాత వాళ్ళే స్నేహితులవుతారు" అని మేనమామ బోధించును. వీరందరును పిల్లల మేలు కోరువారే. కాని వారు చెప్పిన దానిలో కొంత ఒకనాటి నిజము; మిగిలినది ఏనాడును నిజము కానిది. అట్టి అపోహలను అయిదింటిని తీసికొని విచారింతము. ఈ మాటలు కళాశాలకు పోవు పిల్లలకే కాదు, వారిని పంపి గడపలో నిలుచుండు తల్లిదండ్రులకు గూడ ఉద్దేశింపబడినవి.

మొదటి అపోహ విశ్రాంతిని గూర్చినది. ఇంటర్మీడియేటు రెండేండ్లు గట్టిగా చదివినచో, ఆపైన చదువు తనంతట తానే నడచిపోవునని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకమునకు మూలము లేకపోలేదు. డిగ్రీ కళాశాలలలో సంవత్సరమునకు ఒకే పరీక్ష జరుగు నాళ్ళలో, సంక్రాంతి వరకు పుస్తకము విప్పక, ఆ తరువాత రాత్రులు మేలుకొని చదివి గట్టెక్కినవారు ప్రతి ఊరిలోను కలరు. ఆ కథలనే వారిప్పుడు తమ పిల్లలకు చెప్పుచున్నారు. కాని 2015, 2016 సంవత్సరముల ప్రాంతమున రెండు తెలుగు రాష్ట్రముల డిగ్రీ కళాశాలలలోను సెమిస్టరు పద్ధతి ప్రవేశించినది. దానితో ఆ లెక్క మారిపోయినది.

ఆ లెక్క యెట్టిదో చూడుడు. ఒక సెమిస్టరులో పాఠములు జరుగునది సుమారు 15 వారములు. ఒక పాఠ్యాంశమునకు నాలుగు క్రెడిట్లు అనగా వారమునకు నాలుగు గంటల పాఠమని స్థూలముగా అర్థము. మొత్తము 60 గంటలు. "మొదటి మూడు వారములు పరిచయములే గదా" అని తరగతికి పోకుండ ఊరుకొన్నవాడు 12 గంటలు, అనగా అయిదవ వంతు పాఠమును పోగొట్టుకొనును. పరీక్షకు కూర్చుండుటకు సాధారణముగా నూటికి 75 వంతుల హాజరు కావలెను. అనగా 60 గంటలలో 15 గంటలకు మించి మానరాదు. మొదటనే 12 గంటలు మానినవానికి, మిగిలిన సెమిస్టరులో జ్వరమునకును, అక్క పెండ్లికిని, పండుగకును కలిపి మిగులునవి మూడే గంటలు! ఇదిగాక మధ్యలో జరుగు చిన్న పరీక్షల మార్కులును చివరి మార్కులలో చేరును. కనుక సంక్రాంతికి మేలుకొన్నవాడు మేలుకొనునప్పటికి మొదటి సెమిస్టరు గడచిపోయియుండును.

ఇందులో మరియొక చిక్కు కలదు. మన పిల్లలలో అనేకులు ఇంటర్మీడియేటు చదువు వసతి కళాశాలలలో ముగించినవారు. ఉదయము అయిదు గంటలకు లేపువారొకరు, స్టడీ అవరులో కునుకు తీయకుండ చూచువారొకరు, ప్రతి వారమును పరీక్ష పెట్టి ఇంటికి మార్కులు పంపువారొకరు. ఆ పిల్లలకు చదువుట తెలియును గాని, తమంతట తాము చదువ కూర్చుండుట తెలియదు. డిగ్రీ కళాశాలలో ఎవరును లేపరు. దానిని వారు స్వేచ్ఛ యనుకొందురు. అది స్వేచ్ఛయే గాని, గంట కొట్టుపని తమ చేతికి వచ్చినదని గ్రహించిననాడే అది వారికి ఉపయోగపడును. తరగతిలో విన్న ప్రతి గంటకును ఆనాడే ఒక గంట గదిలో కూర్చుండి చూచుకొను అలవాటు మొదటి వారముననే చేసికొన్నచో, చివరి వారమున రాత్రులు మేలుకొనవలసిన పని యుండదు.

రెండవ అపోహ కళాశాలకును విశ్వవిద్యాలయమునకును గల భేదమును గూర్చినది. పెద్ద భవనము, ఎత్తయిన ద్వారము, పైన పెద్ద అక్షరముల బోర్డు కనిపించినచో, అక్కడ చదివినవారికి పట్టము వచ్చితీరునని అనుకొందురు. పట్టము ఎవరిచ్చుచున్నారో విచారించువారు తక్కువ. ఈ విషయము తెలియుటకు కొంచెము చరిత్ర చూడవలెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము లండను విశ్వవిద్యాలయపు మాదిరిని ఏర్పడినది. మొదట అది పాఠములు చెప్పలేదు. పరీక్షలు జరిపి పట్టములిచ్చెడిది. పాఠము చెప్పు పని కళాశాలలది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడు వరకు మద్రాసు రాజధానిలోని తెలుగు విద్యార్థులకు అదియే ఆధారము. హైదరాబాదు రాజ్యమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. నేటికిని మన డిగ్రీ కళాశాలలలో అధికభాగము ఆ పాత ఏర్పాటు ప్రకారమే ఏదో ఒక విశ్వవిద్యాలయమునకు అనుబంధములై నడచుచున్నవి. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు పాఠ్యప్రణాళికను, ప్రశ్నపత్రమును తామే సిద్ధము చేసికొనును గాని, పట్టము మాత్రము విశ్వవిద్యాలయము పేరనే వచ్చును.

1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము 22వ విభాగము ప్రకారము, కేంద్ర చట్టముచేత గాని రాష్ట్ర చట్టముచేత గాని ఏర్పడిన విశ్వవిద్యాలయములు, విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే పట్టములు ఈయవచ్చును. తక్కినవారెవరు ఇచ్చినను అది కాగితమే. అట్టి అనధికార సంస్థల పేర్లను ఆ సంఘము ప్రకటించుచుండును. కావున ఫీజు కట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు. పట్టము ఏ విశ్వవిద్యాలయము పేరున వచ్చును? ఈ కోర్సునకు ఆ విశ్వవిద్యాలయపు అనుమతి ఈ యేడు ఉన్నదా? న్యాయశాస్త్రము, నర్సింగు వంటి వృత్తివిద్యలకు సంబంధించిన మండలి గుర్తింపు గూడ ఉన్నదో లేదో మూడవ ప్రశ్నగా అడుగవలెను. ఇట్లడుగుట అమర్యాద యని సంకోచింపనక్కరలేదు. బియ్యపు బస్తా కొనునప్పుడు పిడికెడు తీసి చూడమా?

ఈ సందర్భముననే సర్టిఫికెట్ల మాట. చేరునప్పుడు అసలు పత్రములన్నియు కళాశాలలో అప్పగింపవలెననియు, మానుకొన్నచో ఫీజంతయు పోయినట్లేననియు పెక్కుమంది భావింతురు. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన ప్రకటన ప్రకారము, కళాశాల అసలు పత్రములను సరిచూచి తిరిగి ఈయవలెనే గాని తనవద్ద ఉంచుకొనరాదు. మానుకొన్న విద్యార్థికి ఫీజు వాపసు చేయుటకు గూడ అందులో నియమములు కలవు. ఎంత ముందుగా తెలిపిన అంత ఎక్కువ మొత్తము తిరిగి వచ్చును. ఆలస్యమైన కొలది తగ్గును. కనుక తప్పు కోర్సులో చేరితినని తెలిసినవాడు "ఇంత కట్టితిమి గదా" అని మూడేండ్లు పోగొట్టుకొనుటకంటె, మొదటి దినములలోనే వ్రాతమూలకముగా తెలిపి బయటపడుట మేలు.

ఇక మూడవ అపోహ. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఆంగ్లము వచ్చినవారే తెలివిగలవారనియు, రానివారికి కళాశాలలో చోటు లేదనియు ఒక భయము మన పల్లెలలో పాతుకొని యున్నది.

నేను డిగ్రీలో చేరిన యేడు నా గదిలో ఒక మెట్టప్రాంతపు గ్రామము నుండి వచ్చిన మిత్రుడుండెడివాడు. పదవ తరగతి వరకు తెలుగులో చదివినవాడు. లెక్కలలో దిట్ట. మేము కాగితము, కలము తీసికొను లోపల అతడు వ్రేళ్ళమీద సమాధానము చెప్పెడివాడు. మా గణితాధ్యాపకులు తరగతిలో అడుగిడినది మొదలు వెడలు వరకు ఆంగ్లముననే మాటలాడెడివారు. నా మిత్రుడు వారి మాటలను చెవికి వినబడినట్లు తెలుగు అక్షరములలో వ్రాసికొనెడివాడు. "లెట్ అస్ అస్యూమ్" అని తెలుగులో వ్రాసియున్న ఆ నోటుపుస్తకపు పుట ఇప్పటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. ఒకనాడు అధ్యాపకులు అతనిని ప్రశ్న అడిగిరి. సమాధానము అతనికి తెలియునని నాకు తెలియును. అతడు లేచి నిలుచుండెను. మాట రాలేదు. కూర్చుండుమని వారు చేతితో సంజ్ఞ చేసిరి. వెనుక బల్లనుండి ఎవరో నవ్విరి.

ఆ రాత్రి అతడు గోడవైపు తిరిగి పండుకొని, "మీ అందరికీ అర్థమవుతోంది, నాకొక్కడికే కావడం లేదు" అనెను. నిజమునకు ఆనాటి పాఠము నాకును బోధపడలేదు. తరగతిలో అందరితోపాటు తల ఊపితిని, అంతే. ఆ సంగతి అతనితో చెప్పుటకు సిగ్గుపడి, "అదే వస్తుందిలే" అని ఊరుకొంటిని. దసరా సెలవులకు ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. వాని పెట్టెను తీసికొనిపోవుటకు వాని అన్న వచ్చెను. ఆ యేటి పరీక్షలో మా తరగతిలో సగముమందికి పైగా ఆ పత్రమున తప్పిరి. అనగా ఆ పాఠములు అర్థము కానివాడు అతడొక్కడే కాడు. గదినిండ అట్టివారమే ఉంటిమి. అర్థము కాలేదని ఒప్పుకొన్నవాడు మాత్రము అతడొక్కడే. "నాకూ అర్థం కాలేదురా" అను నాలుగు మాటలు ఆ రాత్రి నేను పలికియున్నచో, ఉదయము ఇద్దరము కలిసి ఆ అధ్యాపకుల గదికి పోయియుందుము. ఆ మాటలు నేను పలుకలేదు. ఇన్నేండ్ల తరువాత ఈ విషయము మాటలాడుటకు నేను పూనుకొనుటలో అదియొక కారణము.

భాష వేరు, విద్య వేరు. దీనికి మన హైదరాబాదు నగరమే సాక్ష్యము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో చరిత్ర మొదలు విజ్ఞానశాస్త్రముల వరకు ఉరుదూలోనే బోధించిరి. పుస్తకములను అనువదించుటకు ప్రత్యేకముగా ఒక శాఖనే నెలకొల్పిరి. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యము కాదనువారికి ఆ ప్రయత్నమే సమాధానము. తెలుగులో ఉన్నతవిద్యకు గ్రంథములు సిద్ధము చేయుటకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. ఆ గ్రంథములు నేటికిని అనేక గ్రంథాలయములలో కలవు.

అయినను మన కళాశాలలలో పాఠము ఎక్కువగా ఆంగ్లమున జరుగుచున్నదనుట వాస్తవము. దానిని దాటుటకు ఒక సులువైన ఉపాయము కలదు. రేపు జరుగబోవు పాఠమును ఈ రాత్రి తెలుగు పుస్తకములో చదువుకొనవలెను. విషయము ముందే తెలిసినచో మరునాడు ఆంగ్లపదములు దానికి అంటుకొని నిలుచును. విషయమును, భాషను రెండింటిని ఒకేసారి పట్టబోయినప్పుడే రెండును జారిపోవును. రెండవ పని, నోటుపుస్తకము వెనుక పుటలలో దినమునకు పది పారిభాషిక పదములు, ఎదురుగా తెలుగు అర్థము వ్రాసికొనవలెను. 90 పనిదినములలో 900 పదములు చేరును. ఒక శాస్త్రమున తొలి యేడు తరచుగా వినవచ్చు పదములలో చాలభాగము అందులో వచ్చివేయును. మూడవది అడుగుట. నలుగురిలో లేచి అడుగలేనివారు, పాఠము ముగిసిన పిమ్మట వాకిట నిలిచి తెలుగులోనే అడుగవచ్చును. అట్లు అడిగినవారిని విసుగుకొను అధ్యాపకులు నేను చూచినంతలో అరుదు.

నాలుగవ అపోహ అన్నిటికంటె అపాయకరమైనది. క్రొత్తగా వచ్చినవారిని పైతరగతివారు ఏడిపించుట ఒక సంప్రదాయమనియు, దానిచేత బెరుకు పోయి స్నేహము కుదురుననియు చెప్పువారు ఇంకను కలరు. స్నేహమునకు అవమానము దారి కాదు. ఈ ఆచారమువలన చదువు విడిచినవారు, ప్రాణములే విడిచినవారు మన దేశమున ఉన్నారు. అందుచేతనే ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము చేసిరి. ఎగతాళి, అవమానము మొదలు ప్రాణహాని వరకు నేరపు తీవ్రతనుబట్టి అందు శిక్షలు కలవు. తరువాత సుప్రీంకోర్టు 2001లోను, 2007లోను ఇచ్చిన ఆదేశముల మీదట, 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికి నిబంధనలు చేసినది. వాని ప్రకారము ఫిర్యాదు వచ్చినప్పుడు విచారించి చర్య తీసికొనుట కళాశాల అధిపతి దయాదాక్షిణ్యము కాదు, ఆయన విధి.

ఈ విషయమున పిల్లలు ఇంటివద్ద చెప్పరు. "నువ్వేం చేశావు, వాళ్ళెందుకన్నారు?" అని పెద్దలు ముందుగా తమనే నిలదీయుదురని వారి భయము. ఆ ప్రశ్న అడుగకుడు. ముందు వినుడు. 1800-180-5522 అను ఉచిత ఫోను సంఖ్యకు ఏ వేళనైనను ఫిర్యాదు చేయవచ్చును. ఆ సంఖ్యను పెట్టె సర్దునప్పుడే ఒక చీటిమీద వ్రాసి పిల్లల చేతికి ఈయవలెను. బెరుకు పోగొట్టవలెనని నిజముగా కోరు పైతరగతి విద్యార్థులకు ఎన్ని మంచి మార్గములు లేవు? గ్రంథాలయమెక్కడో చూపుట, తమ పాత పుస్తకములిచ్చుట, ఉపకారవేతనమునకు దరఖాస్తు ఎట్లు నింపవలెనో చెప్పుట. ఇట్టి ఉపకారము చేసినవారి పేర్లను మనము జీవితాంతము మరువము.

అయిదవ అపోహ, ఒకసారి తప్పినచో అంతయు ముగిసినదనునది. మొదటి సెమిస్టరు మార్కులు చూచి "ఈ చదువు మనకు కాదు" అని తీర్మానించుకొను పిల్లలున్నారు. ఆ తీర్మానము చేసి వారికి అందించు తండ్రులును ఉన్నారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి వచ్చుట ఒక ఆచార్యునకు కంటగింపై, ఆయనకు పూర్తి పట్టమునకు మారు తక్కువ స్థాయి యోగ్యతాపత్రమే లభించెను. ఆయన అటుపిమ్మట అమెరికాకు వెళ్ళెను. శరీరద్రవములలో భాస్వరమును కొలుచుటకు ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి 1925లో వెలువడి, ప్రపంచమందలి ప్రయోగశాలలలో చిరకాలము నిలిచినది. 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు ఆయనయే నాయకుడు. రెండుసార్లు పరీక్ష తప్పినప్పుడే ఆయన చదువు ఆగిపోయియున్నచో ఏమి జరిగెడిదో ఊహింపుడు. తప్పిన ప్రతివాడును సుబ్బారావు కాడనుట నిజమే. కాని తప్పిన పరీక్ష, మనకు ఏమి రాలేదో చెప్పును గాని, ఏమి రాదో చెప్పజాలదు. సెమిస్టరు పద్ధతిలో తప్పిన పత్రమును మాత్రమే మరల వ్రాయవచ్చును. చదువు సాగించుచునే దానిని పూర్తిచేయవచ్చును.

చివరగా తల్లిదండ్రులతో ఒక మాట. పూర్వము పిల్లవాని సమాచారమునకు ఉత్తరము కొరకు ఎదురుచూడవలసి యుండెడిది. ఇప్పుడు చేతిలోని ఫోనులో దినమునకు రెండుసార్లు మాటలాడవచ్చును. అయినను ఆ మాటలలో నూటికి తొంబది పాళ్ళు రెండే ప్రశ్నలు: "తిన్నావా?" "చదువుతున్నావా?" రెండింటికిని "ఆఁ" అని ఒకటే జవాబు. వానికి బదులు, "ఇవాళ ఎవరితో కలిసి భోంచేశావు?" అని అడిగి చూడుడు. మొదటి నెల గడచిన తరువాతను ఆ ప్రశ్నకు జవాబుగా ఒక్క పేరైనను రానిచో, పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడని గ్రహింపవలెను. అప్పుడు ఒక ఆదివారము బస్సెక్కి పోయి చూచి వచ్చుట, ఫీజు కట్టుటకంటె తక్కువ పని కాదు.

పిల్లలకు నేను చెప్పదలచినది ఇంకను చిన్నది. మీ ప్రక్క మంచముమీద ఎవరైన గోడవైపు తిరిగి పండుకొనియున్నచో పలుకరింపుడు. మీకు పాఠము అర్థము కానినాడు ఆ మాట దాచకుడు. అది విన్నవాడు మరునాడు మీతోపాటు తరగతికి వచ్చును.